బాగన్ దాతోలో పెన్సిల్వేనియా పంచాంగం

మలయా వెళ్ళివచ్చిన దగ్గర్నుంచి అనకాపల్లి బెల్లం బజారులో నాకు బేరాలు తక్కువ, ప్రశ్నలు ఎక్కువ అయ్యాయి. అక్కడ చెట్లకు డబ్బు కాస్తుందట కదా అని ఒకడు, రబ్బరు చెట్టును గీకితే బంతులు రాలతాయా అని ఇంకొకడు. ఇంతకీ చూడవలసిన వింత ఏదయ్యా అని అడిగినవాళ్ళకు నేను పెన్సిల్వేనియా అని జవాబు చెబుతున్నాను. అది అమెరికాలో ఒక రాష్ట్రం. నేను అమెరికా వెళ్ళలేదు, వెళ్ళే ఉద్దేశమూ లేదు. మలయాలోని పెరాక్ సముద్రపు ఒడ్డున, బాగన్ దాతో అనే చోట, కొబ్బరితోటలో ఉన్న మా చెల్లెలి ఇంటికి వెళ్ళి, అక్కడ పెన్సిల్వేనియాలో ఇరుక్కున్నాను. నాతోపాటు నా మేనకోడలి పెళ్ళి కూడా ఇరుక్కుంది.

మా చెల్లెలు నరసమ్మను, మా బావ అప్పలస్వామిని కరువు ఏడాది ఓడెక్కించాం. ఆ తరువాత బావ కూలీల మీద మేస్త్రి అయ్యాడు. ఆ మేస్త్రిని అక్కడ కంగాణి అంటారు. వాళ్ళ కూతురు పైడితల్లికి ఆ తోటలోనే పిల్లవాణ్ణి చూశారు. మేనమామ లేకుండా పెళ్ళికూతురు గంపలో కూర్చోదు కనుక నేను రావాలన్నారు. వస్తూ వస్తూ ముహూర్తం పెట్టించుకు రమ్మన్నారు, పంచాంగం తెమ్మన్నారు, అచ్చు బెల్లం తెమ్మన్నారు. మూడూ ఒకే మూటలో కట్టుకుని బయలుదేరాను. తెలివైనవాడు అలా కట్టడు.

ఓడ మీద

చెన్నపట్నంలో ఓడెక్కిన నాటి సాయంకాలానికే సముద్రం మీద నాకున్న గౌరవం పోయింది. గోదావరి దాటినవాణ్ణి, ఈ నీళ్ళు నన్నేం చేస్తాయనుకున్నాను. ఏం చేశాయో రాయను. పక్కన పడుకున్న తంజావూరు చెట్టియారు రోజూ నిమ్మకాయ వాసన చూపించి, "కణ్ణు మూడి పడుంగో", కళ్ళు మూసుకుని పడుకోండి, అని నన్ను ఓదార్చేవాడు. ఆయన తన పెరుగన్నం మాత్రం రెండు కళ్ళూ తెరిచి తినేవాడు.

నేను పడుకున్న చోటు ఇంజను గది మీదట. అది నాకు తెలియదు. అడుగు నుంచి వచ్చే వెచ్చదనానికి నడుము హాయిగా ఉందని మురిసిపోయాను. నా తల కింది మూటలో బెల్లం కరుగుతోందని చీమలు వచ్చాక గాని తెలియలేదు. నడిసముద్రంలో అన్ని చీమలు ఎక్కణ్ణుంచి వచ్చాయో ఓడ కెప్టెనుకు కూడా అర్థం కాలేదట. మూట విప్పి చూస్తే పంచాంగం, బెల్లం ఒకటే పదార్థమై ఉన్నాయి. చైత్రం, వైశాఖం బాగానే ఉన్నాయి. జ్యేష్ఠం మొదలు ఫాల్గుణం దాకా ఒకే అచ్చు. పాకం పట్టడం మా వంశవృత్తి గాని, పంచాంగాన్ని పాకం పట్టినవాణ్ణి మా వంశంలో నేనే.

పురోహితుడు చూసిపెట్టిన ముహూర్తం విడిగా చీటీ మీద రాయించి జేబులో పెట్టుకోవడం ఒక్కటే నేను చేసిన మంచిపని. ఇంగ్లీషు తేదీ కూడా వేయించాను. మే నెల ముప్పయ్యొకటి, గోధూళి వేళ.

పినాంగు

పినాంగు ఒడ్డు చేరగానే ఊళ్ళోకి పోనిస్తారనుకోకండి. డెక్కు మీద వచ్చినవాళ్ళను ముందు ఒక దీవికి తోలి, బట్టలకు ఆవిరి పట్టి, జబ్బులు లేవని తేలేదాకా కూర్చోబెడతారు. అక్కడి గుమాస్తా నా పంచాంగపు అచ్చును గిల్లి, వాసన చూసి, నాలిక మీద వేసుకుని, ఇది మందా, పుస్తకమా అని అడిగాడు. రెండూనయ్యా అన్నాను. అతను ఇంకో ముక్క గిల్లి నోట్లో వేసుకున్నాడు. మా పురోహితుడి ఆషాఢం అంతా ప్రభుత్వం వారే తినేశారు.

ఊరు చూడగానే నచ్చింది. చీనావాళ్ళ కాఫీ అంగట్లో కాఫీ అడిగితే, నల్లటి కషాయం అడుగున డబ్బాపాలు పోసి ఇచ్చారు. కలుపుకోవాలని తెలియక పైది తాగి మొహం వికారంగా పెట్టి, అడుగుది చూసి మురిసి, మళ్ళీ ఒకటి చెప్పాను. అంత తీపి కాఫీ రెండు సెంట్లకు ఇస్తున్నారంటే ఆ దేశంలో బెల్లం వ్యాపారానికి చోటు లేదని అప్పుడే గ్రహించాను. మలయావాళ్ళు కూరల్లో వేసుకునే రొయ్యల ముద్ద వాసన మాత్రం వీధి మలుపులోనే ఎదురొచ్చి పలకరిస్తుంది. మా భీమిలి ఎండుచేపలు దాని ముందు మల్లెపూలు.

తెలుక్ ఆన్సన్

రైలు దిగి ఊళ్ళోకి నడిస్తే నడిబొడ్డున ఒక గడియారపు గోపురం, ఒక పక్కకు ఒరిగి ఉంది. మెడ వంచి చూశాను. నాకు ఎదురుగా మరో ఇద్దరు కొత్తవాళ్ళు కూడా మెడలు వంచి నిలబడ్డారు. ఊళ్ళోవాళ్ళు మమ్మల్ని చూసి నవ్వుకుంటూ తిన్నగా నడిచిపోతున్నారు. ఏళ్ళ తరబడి అలా వాలిన దాని కింద దుకాణాలు పెట్టుకున్నవాళ్ళ ధైర్యం చూస్తే ముచ్చటేసింది.

మా బావ నన్ను తీసుకువెళ్ళడానికి మోటారు పడవ రేవుకు వచ్చాడు. కౌగిలించుకుని, నా భుజాలు పట్టుకుని వెనక్కి జరిపి చూశాడు.

"ఏటి బావా, ఇలగ సిక్కిపోనావు! ఓడలో తిండెట్టనేదేటి?"

"పెట్టినారు బావా. నాను ఉంచుకోనేదు."

"సరి సరి, పద లా! మీ సెల్లి కోడి కోసి కూకున్నాది."

లా అన్నది అక్కడివాళ్ళు ప్రతి మాటకూ తగిలించే తోక. మలయావాళ్ళ దగ్గర మనవాళ్ళు నేర్చుకున్నారు. నేను వచ్చిన మూడోనాటికి నాకూ అంటుకుంది, ఇప్పటికీ మా ఆవిడ కసురుకుంటోంది.

కొబ్బరితోట

పెరాక్ నది దిగువకు పోయిన కొద్దీ నీరు ఉప్పన, గట్లు బురద, ఎటు చూసినా కొబ్బరి. ఒక్కొక్క తోటలో మన జిల్లా మొత్తానికి సరిపడే కాయలు. మన దగ్గర కొబ్బరికాయ కొట్టాలంటే దేవుడికి మొక్కు ఉండాలి. అక్కడ మా చెల్లెలు పులుసులో కొబ్బరి, పచ్చడిలో కొబ్బరి వేసి, కోడికూర కొబ్బరిపాలలో ఉడికించి, చివర దాహానికి కొబ్బరినీళ్ళు ఇచ్చింది. మర్నాడు పొద్దున్న తలకు కొబ్బరినూనె రాసుకుంటే ఆకలి వేసింది.

కూలీలు ఉండే గదుల వరసను లయం అంటారు. లయంలో సగం మంది మన చికాకోలు, విశాఖపట్నం వైపు వాళ్ళే. నా చుట్టూ చేరి, నాగావళి ఎలాగుంది, పైడితల్లి అమ్మవారి పండగ ఎలాగయింది అని అడిగారు. అన్నీ చెప్పి, పెద్దరికంగా జేబులోంచి చీటీ తీశాను.

"ముహూర్తం మే ముప్పయ్యొకటో తేదీ," అన్నాను.

మా చెల్లెలి చేతిలో గరిటె కింద పడింది. వాకిట్లో కూర్చున్నవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, దుమ్ము దులుపుకుని లేచి వెళ్ళిపోయారు. పైడితల్లి తలుపు చాటునుంచి చూసి లోపలికి పోయింది.

"ఓలన్నా," అంది నరసమ్మ, "కట్ట తెగిన రోజు పెట్టించుకొచ్చినావేటి?"

"ఎక్కడ కట్ట?"

"పెన్సిల్వేనియాలో," అంది మా చెల్లెలు. మా పక్కూరు తుమ్మపాల అన్నంత తేలికగా అంది.

కిరాణి గారి వరండా

మర్నాడు మా బావ నన్ను తోట గుమాస్తా దగ్గరకు తీసుకెళ్ళాడు. గుమాస్తాను అక్కడ కిరాణి అంటారు. ఈయన పేరు శామ్యేలు. మన తెలుగు క్రైస్తవుడే, తెలుక్ ఆన్సన్ మిషను బడిలో చదువుకున్నాడు. ఆయన వరండా గోడకు ఒక కాలెండరు వేలాడుతోంది. తగరం తవ్వే మరను నడపడానికి వచ్చిన పెన్సిల్వేనియా ఇంజనీరు ఒకాయన ఇంటికి పోతూ ఇచ్చిపోయాడట. తేదీకి ఒక అట్ట. ప్రతి అట్ట మీదా ఆ తేదీన పెన్సిల్వేనియా రాష్ట్రంలో వెనక ఏ సంవత్సరంలో ఏ గొప్ప విషయం జరిగిందో అచ్చు వేసి ఉంటుంది. వారాల పేర్లు లేవు కనుక ఏటికేడాదీ మళ్ళీ మొదటి నుంచి తిప్పుకోవచ్చు.

శామ్యేలు తెల్లవారి హాజరు వేశాక, ఊసుపోక, ఆ రోజు అట్ట చదివి తెలుగులో చెప్పేవాడు. మన దగ్గర నుంచి వెళ్ళే పంచాంగం ఎప్పుడూ ఉగాది పోయిన ఆరునెలలకు గాని చేరదు. చేరినా చదివే ముసలాయన కాలం చేశాడు. మంచిరోజో చెడ్డరోజో తెలియకుండా మనవాళ్ళు ఎన్నాళ్ళుంటారు? అట్ట మీద శుభం ఉంటే శుభం, అశుభం ఉంటే అశుభం అని పట్టేసుకున్నారు.

అక్కడితో ఆగలేదు, దాని మీద శాస్త్రం కూడా కట్టారు. ఆగస్టు ఇరవయ్యేడున పెన్సిల్వేనియాలో నేల తవ్వితే నూనె పడింది. అందుచేత ఆనాడు బాగన్ దాతో కొబ్బరితోటలో ఇంటిల్లిపాదీ తలంటు. జులై నెల మొదటి మూడు రోజులూ అక్కడ మహాయుద్ధం జరిగింది కనుక ఇక్కడ అత్తాకోడళ్ళు ముందుజాగ్రత్తగా మాట్లాడుకోరు. ఆ నెల నాలుగో తేదీన అక్కడి పెద్దలు ఇంగ్లీషు రాజు నుంచి వేరుపడ్డామని ప్రకటించారు. వేరుకుంపటి పెట్టుకోవడానికి అంతకు మించిన రోజు లేదట. ఆ తోటలో కోడళ్ళు ఏడాది పొడుగునా జులై నాలుగు కోసం కళ్ళు కాయలు కాసేలా చూస్తారు. సెప్టెంబరు పదిహేడున అక్కడ రాజ్యాంగం మీద సంతకాలు చేశారని, ఇక్కడి తగవులన్నిటికీ ఆ రోజే వేలిముద్రలు వేస్తారు.

"ఇదేం పిచ్చి బావా!" అన్నాను. "అమెరికాలో ఏదో అయితే మనకేటి?"

మా బావ శాంతంగా అన్నాడు. "మరి శనిగ్రహం ఎక్కడో తిరిగితే నీకు కాలు బెణుకుతాదా, నేదా? పెన్సిల్వేనియా అంతకన్నా దగ్గరే గదా?"

 

మే ముప్పయ్యొకటో తేదీ అట్ట తిప్పించి చదివించాను. ఆనాడు జాన్స్‌టౌన్ అనే ఊరికి ఎగువన చెరువుకట్ట వానలకు తెగి, మధ్యాహ్నం పూట ఊరికి ఊరే కొట్టుకుపోయింది. లెక్కలేనంత మంది పోయారు.

శామ్యేలును పక్కకు పిలిచి ఒక అచ్చు బెల్లం చేతిలో పెట్టాను. మూటలో కరగకుండా, చీమలు పట్టకుండా మిగిలింది అదొక్కటే. ఈ ఏటికి ఆ అట్ట మీద ఏదైనా మంచి మాట ఉన్నట్టు చదవరాదా అన్నాను.

ఆయన బెల్లం కళ్ళకు అద్దుకుని తిరిగి ఇచ్చేశాడు. "వద్దయ్యా. ఇప్పటికే మా పాదిరిగారు, శామ్యేలూ నువ్వు జోస్యం చెబుతున్నావట అని కోప్పడుతున్నారు. నేను జోస్యం చెప్పడం లేదండీ, చరిత్ర చదువుతున్నానన్నాను. ఇప్పుడు అబద్ధం చదివితే ఆ మాట కూడా పోతుంది గదా లా. అయినా ఆ రోజు సంగతి ఎవరికి తెలియదు? పసిపిల్లలకు కూడా నోటికి వచ్చు."

బంగారమ్మ

పెళ్ళికొడుకు రాములుకు తల్లీతండ్రీ లేరు. పెంచింది నాయనమ్మ బంగారమ్మ. ఆ ముసలావిడ ఒప్పుకోలేదు. మే ముప్పయ్యొకటి తప్ప ఏ రోజైనా సరే అని కబురు చేసింది.

ఏ రోజైనా అంటే నేను ఏ రోజు చెప్పను? జ్యేష్ఠమాసం బెల్లంలో ఉంది. వేడినీళ్ళ ఆవిరి పట్టి పేజీలు విడదీయబోతే ఇంకాస్త పాకం అయింది. నాలుగు రోజులు ఆగుదామంటే కుదరదు. కొబ్బరి ధర పడిపోయి తోటలో మనుషులను తగ్గిస్తున్నారు. రాములును కొందరితో కలిపి జొహోరు వైపున్న తోటకు పంపేస్తున్నారు. జూన్ రెండున వాళ్ళ పడవ. పెళ్ళామున్నవాడికి అక్కడ వేరే గది ఇస్తారు, ఇద్దరికీ పని ఇస్తారు. ఒంటరిగా పోతే మళ్ళీ ఎప్పుడొస్తాడో, అక్కణ్ణుంచి అటే ఇండియా ఓడ ఎక్కిస్తారో దేవుడికే తెలియాలి. ముహూర్తం లేని పెళ్ళి మేము చేయం, ఆ ముహూర్తానికి పెళ్ళి వాళ్ళు చేయరు.

ఆ సాయంకాలం పైడితల్లి నా దగ్గరకు వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక నన్ను చూడడం ఈ రాకలోనే. అయినా మేనమామ దగ్గర చనువు దానికి ఎవరూ నేర్పలేదు. నా పక్కన కూర్చుని ఈత చాప పుల్లలు పీకడం మొదలుపెట్టింది.

"మావా, ఆడు ఎల్లిపోతే నాను ఇంకెవల్నీ సేసుకోను," అంది. కాసేపు ఆగి, "నువ్వు బెల్లం అమ్మినోడివి గదా, ముసల్దానికి ఏదో ఒకటి సెప్పి ఒప్పించనేవా?" అంది.

అంతదాకా నాకు అది పట్టుదల వ్యవహారం. మా పురోహితుడి ముహూర్తాన్ని ఒక అమెరికా అట్టముక్క కాదంటుందా అని ఉడుకుమోత్తనం. ఆ పిల్ల మొహం చూశాక అదంతా పోయింది. ఎలాగైనా ఈ పెళ్ళి జరిపించాలి అనుకున్నాను. శామ్యేలును వెంటబెట్టుకుని, మా బావను ముందు నడిపించుకుని బంగారమ్మ గదికి వెళ్ళాను.

ముసలావిడ గడపలో కూర్చుని కొబ్బరి పీచు తాడు పేనుతోంది. నన్ను కూర్చోమంది, ఆకూ వక్కా ఇచ్చింది. నేను సంతలో బేరం మొదలెట్టినట్టు మొదలుపెట్టాను. పెద్దమ్మా, అది పరాయి దేశం అన్నాను. ఎప్పుడో తెగిన కట్ట, ఇప్పుడు మళ్ళీ తెగదన్నాను. నీళ్ళు శుభానికి గుర్తే గదా అని కూడా అన్నాను. ఆ మాటకు ఆమె తాడు పేనడం ఆపింది.

"నాయినా, ఆ రోజు సెడ్డదని నాను అన్నానేటి?" అంది. "నాను అననేదు. ఆ రోజు మా ఇంట పెద్దలకి ఎట్టుకునే రోజు. ఆ పూట పెళ్ళి ఎలగ సేత్తాను?"

ఎవరి పెద్దలని అడిగాను.

"మాది వంశధార ఒడ్డు. నాను సంకన పిల్లడినేసుకుని అవతల గట్టుకి కూలికి ఎల్లినాను. ఏరు వచ్చేసింది. తిరిగొచ్చేతలికి ఇల్లు నేదు, నా పెనివిటి నేడు, ఇద్దరు ఆడగుంటలు నేరు. నీళ్ళు తీసినాక ఎతికినాం. దొరకనేదు. ఏ తిథో, ఏ వారమో ఎవల్నడిగినా తెలీదన్నారు. అందరిళ్ళూ పోనాయి, ఎవలు లెక్కెట్టుకున్నారు? తిథి తెలీక ఆళ్ళకి ఒక్క ముద్ద పెట్టనేదు. ఆ పిల్లణ్ణేసుకునే ఓడెక్కినాను. ఆడూ పెళ్ళయినాక జ్వరమొచ్చి పోనాడు, ఆడి కొడుకే మా రాములు."

"తిథి తెలియనివాళ్ళకు మహాలయ అమావాస్య ఉంది గదా పెద్దమ్మా," అన్నాను. ఏదో ఒకటి అనాలి గనక అన్నాను.

"ఊరందరి పెద్దలతో కలిపి ఎట్టీమంటావు. నా ఆళ్ళకంటూ ఒక రోజు ఉండొద్దేటి?" అంది. "ఈ శామ్యేలు బాబు ఒకనాడు అట్ట సదివినాడు. నీళ్ళొచ్చి ఊరు పోనాది, సెప్పలేనంత మంది పోనారు అన్నాడు. ఆ రోజే నాను తీసుకున్నాను. నీళ్ళలో పోనోళ్ళ రోజని తేదీతో సహా అచ్చేసి ఉన్నాది గదా! అప్పట్నించి ఏటేటా నా ఆళ్ళకీ, ఆ ఊరోళ్ళకీ కలిపి ఎడుతున్నాను."

 మా బావ తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకుంటున్నాడు. శామ్యేలుకు ఈ సంగతి తెలియదని ఆయన మొహం చూస్తేనే అర్థమైంది. అన్నేళ్ళూ ఊసుపోక చదువుతున్నానని అనుకున్నాడు పాపం.

ఇంక పెళ్ళి సంగతి ఎత్తడానికి నాకు మొహం చెల్లలేదు. లేవబోతూ, ఏదో ఒకటి మాట్లాడాలని శామ్యేలును అడిగాను, ఆ కట్ట తెగింది పగలేనా అని.

"మధ్యాహ్నం దాటాక అని ఉంది గదయ్యా," అన్నాడాయన. తరువాత గడ్డం రుద్దుకున్నాడు. "మధ్యాహ్నం అంటే వాళ్ళ మధ్యాహ్నం. ఆ ఇంజనీరు దొర తన గడియారం ఎప్పుడూ మన టైముకు మార్చుకోలేదు. మనం ఇక్కడ దీపాలు పెట్టే వేళకు గడియారం తీసి చూసి, మా ఇంట్లో ఇప్పుడే తెల్లారుతోంది, మా అమ్మ కాఫీ కాస్తుంటుంది అనేవాడు. ఆ లెక్కన వాళ్ళ మధ్యాహ్నం అంటే మనకు..."

"మర్నాడు కోడి కూసే ముందు," అన్నాను నేను. బేరగాడి బుర్ర ఎంత మొద్దుబారినా లెక్క దగ్గర మేలుకుంటుంది. "మనకి ఒకటో తేదీ. మన ముప్పయ్యొకటి గోధూళి వేళకి అక్కడ ఇంకా తెల్లారుతుంటాది పెద్దమ్మా! కట్ట తెగనేదు."

బంగారమ్మ నా వైపు చూసి, శామ్యేలు వైపు చూసింది. చేతిలో తాడు పక్కన పెట్టింది.

"అయితే ఆ యేళకి ఆళ్ళు బతికే ఉంటారా?"

నేను బెల్లం వ్యాపారిని. సంతలో రోజుకు ఎన్ని అబద్ధాలాడతానో నాకే తెలియదు. ఈ ప్రశ్నకు మాత్రం ఏది నిజమో ఏది అబద్ధమో తేల్చుకోలేక శామ్యేలును చూశాను. చరిత్రలో అబద్ధం చదవనన్న మనిషి ఆయన.

"బతికే ఉంటారమ్మా," అన్నాడు శామ్యేలు. "అప్పుడే నిద్ర లేస్తుంటారు."

 ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, "అయితే పెళ్ళి సేసీండి," అంది. "ఆళ్ళుండగానే సేసీండి."

పెళ్ళి

ఈ లెక్క తెల్లారేసరికి తోటంతా పాకింది. పాకడంతోనే గొడవ మొదలైంది. మన జులై నాలుగో తేదీ పొద్దున్న అక్కడ ఇంకా మూడో తేదీయేనని, అంటే యుద్ధం ముగియకముందే తన కోడలు వేరుకుంపటి పెట్టిందని, ఆ వేరు చెల్లదని ఒక అత్తగారు పొయ్యి తిరిగి కలపడానికి కుండలతో సహా వచ్చేసింది. కోడలు చీపురు తీసింది. కిరాణి గారి వరండా ముందు ఆ రోజు పడిన జనాన్ని తెల్లవారి హాజరుకు కూడా ఎన్నడూ చూడలేదని మా బావ అన్నాడు. చివరకు శామ్యేలు, సాయంకాలం పొయ్యి వెలిగించినవాళ్ళ వేరు చెల్లుతుందని తీర్పు చెప్పాడు. చూస్తుండగానే అందరూ సాయంకాలమే వెలిగించామన్నారు.

ముప్పయ్యొకటి సాయంకాలం పైడితల్లిని గంపలో కూర్చోబెట్టి ఎత్తాను. కొబ్బరిపాలతో పెరిగిన పిల్ల. మూడడుగులు నేనే మోశాను, నాలుగో అడుగున మా బావ ఒక చెయ్యి, పెళ్ళికొడుకే ఒక చెయ్యి వేశారు. పెళ్ళికొడుకు గంప పట్టకూడదని ఎవరో అరిచారు. పడేస్తే ఎవరు కట్టుకుంటారని అతను అడిగాడు. తోట గుడిలో పూజ చేసే తమిళ పండారం మంత్రాలు చదివాడు, అర్థం ఎవరికీ కాలేదు. మన దగ్గరా అంతే గనక ఏ లోటూ తోచలేదు.

భోజనాల వేళ పంతికి చివర, బంగారమ్మ తన చేత్తో కొన్ని ఆకులు వేసింది. మగమనిషికి పెద్ద ఆకు, దాని పక్కన రెండు చిన్నవి. ఎదురుగా కాస్త ఎడంగా ఇంకో వరస వేసింది.  పెద్దలకు పెట్టినప్పుడు అన్నం మౌనంగా పెడతారు. ఆమె మౌనంగా పెట్టలేదు. వడ్డిస్తూ ప్రతి ఆకు దగ్గరా నడుము వంచి మాట్లాడింది. పెద్ద ఆకు దగ్గర, "నీ మనవడి పెళ్ళి, సూసినావా," అంది. చిన్న ఆకుల దగ్గర, "కొట్టుకోకండి, ఇద్దరికీ సమానంగా ఏసినాను," అంది. ఎదురు వరస దగ్గరకు వెళ్ళి, పరాయి బంధువులతో మాట్లాడే మర్యాదతో, "మీరూ తినండి బాబూ, మొగమాటపడకండి. అన్నం సాలకపోతే అడగండి," అంది.

మా బావ పక్కకు తిరిగి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, దాచుకోలేదు.

మర్నాడు తెల్లవారుతుండగా ఆమె నది ముఖం దగ్గర నీళ్ళలోకి దిగి నిలబడింది. నేనూ వెంట వెళ్ళాను. దోసిలితో తన వాళ్ళకు, పేరుపేరునా, నీళ్ళు వదిలింది. ఆ తరువాత నా వైపు తిరిగి, "ఆ కట్ట తెగిన ఊరోళ్ళకి నువ్వు ఒగ్గు నాయినా. మగోడివి ఉన్నావు గదా," అంది.

"వాళ్ళ పేర్లు తెలియవు గదమ్మా, గోత్రం తెలియదు. ఏమని వదలను?"

"రేత్రి మన పంతిలో కూకుని తిన్నోళ్ళే గదా," అంది బంగారమ్మ. "పెళ్ళికొచ్చిన సుట్టాలని సెప్పి ఒగ్గు."

అలాగే చెప్పి వదిలాను.